పూర్ణచంద్ర గారి డిగ్లీపూర్ బోటు

మా పక్కింటి పూర్ణచంద్ర గారు లేని బోటుకి సీట్లు ఇస్తానని జనాన్ని మోసం చేశారనే మాట ఒకటి తిరుగుతోంది. మా దీవిలో గోల్ ఘర్ అనే పేటలో కూరల కొట్టు దగ్గర పుట్టి, చేపల మార్కెట్ దాకా నడిచి, అక్కడ కాస్త ఉప్పూ కారం పట్టించుకుని మళ్ళీ నా గుమ్మానికే వచ్చింది. ఆ మాట తప్పు. ఆయన బోటు వెయ్యలేదు, వేస్తానని అనలేదు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ఆయన చెప్పింది కబ్బాలా పాఠం. ఆ పాఠానికీ మా దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌కీ చుట్టరికం ఎలా కలిసిందో మా గోడ ఇవతల నుంచి మొదట్నించీ చూసినదాన్ని కనక నేను చెప్పాలి. గోడ పొట్టిది. చూడకుండా ఉండాలంటే నేను కళ్ళు మూసుకుని మొక్కలకి నీళ్ళు పొయ్యాలి.

ముందు మనిషిని చెబుతాను. పూర్ణచంద్ర గారి నాన్న ఇచ్ఛాపురం వైపు నుంచి అడవి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈయన ఇక్కడే పుట్టారు. బడిలో చదివింది హిందీ, తెలుగు అక్షరాలు మాత్రం తల్లి చేటలో బియ్యం పోసి దిద్దించిందట. ఉద్యోగం జెట్టీలో, ఎంక్వయిరీ కిటికీ వెనక. టికెట్లు ఇచ్చేది పక్క కిటికీ. ఈయన పని చుట్టుపక్కల దీవులకి వెళ్ళే బోట్ల గురించి అడిగినదానికి చెప్పడం. "హేవ్‌లాక్ బోటు ఎప్పుడు?" "నీల్ బోటు నిండిపోయిందా?" "ఎర్ర చొక్కా వేసుకున్న మా అల్లుడు ఎక్కాడా?" బతుకంతా ఇవే.

ఆ కిటికీకి ఒక ధర్మం ఉంది. అడిగినదానికి చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. సముద్రం తరఫున ఎవరూ మాట ఇవ్వలేరు కనక, బోటు లేదని తెగేసి అనకూడదు, "పొద్దున్నే వచ్చి అడగండి" అనాలి. ఈ ధర్మం ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు. భార్య సీతారత్నం "వంకాయ వండనా, బెండకాయ వండనా?" అంటే "ప్రస్తుతానికి రెండూ పరిశీలనలో ఉన్నాయి, కాసేపాగి అడగండి" అనేవారు. పెళ్ళినాడు పురోహితుడు కంగారు పడి "ముహూర్తం దాటలేదు కదా?" అని ఎవరినో అడిగితే, పీటల మీద ఉన్న పెళ్ళికొడుకు "కొంచెం ఆలస్యంగా నడుస్తోందండీ" అని జవాబు చెప్పాడని సీతారత్నం ఇప్పటికీ పళ్ళు నూరుతుంది.

అలాంటి మనిషి రిటైరయ్యాడు. ఇక అడిగేవాడు లేడు. బోటు టైములు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఆయన గేటు పట్టుకుని నిలబడి, వీధిలో ఎవరు ఎవరిని ఏం అడిగినా తనే చెప్పేసేవారు. ఎదురింటావిడ కొడుకుని "ఎక్కడ తిరిగొస్తున్నావురా?" అని గద్దిస్తే, వాడు నోరు తెరిచేలోపు ఈయన "మైదానం నుంచండీ, మధ్యలో ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర ఆగి వచ్చాడు" అనేవారు. వాడు ఇప్పటికీ ఈయన్ని చూస్తే వీధి మారతాడు.

ఇక కబ్బాలా. అది యూదుల పూర్వీకులు చెప్పుకున్న ఆత్మవిద్య. మనకి వేదాంతం ఎలాగో వాళ్ళకి అదలాగ. ఉద్యోగం ఆఖరి వానాకాలంలో ఇజ్రాయెల్ ముసలాయన ఒకాయన హేవ్‌లాక్ వెళ్ళబోయి, తుఫాను కబురుతో బోట్లు ఆగిపోయి, జెట్టీలో చిక్కుకున్నాడు. మిగతా జనం కిటికీ బాదుతుంటే ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి మర్యాదగా అడిగేవాడట. ఈయన మర్యాదగా "రేపు వచ్చి అడగండి" అనేవారట. ఒకరోజు ఆ ముసలాయన పగలబడి నవ్వి, "మా గురువు దగ్గరా ఇదే జవాబు. దేవుడెప్పుడు దొరుకుతాడంటే, రేపు మళ్ళీ వచ్చి అడుగు, అడగడం మాత్రం మానకు అంటాడు" అన్నాడు. ప్రశ్న గిన్నె లాంటిదనీ, గిన్నె పట్టుకొచ్చిన వాడికే ఎవరైనా పోస్తారనీ, ఉత్త చేతులకి పోస్తే కారిపోతుందనీ ఆ కిటికీ దగ్గరే నిలబడి చెప్పాడు.

అడగడమే గొప్ప అనే విద్య ఈ లోకంలో ఒకటుందని పూర్ణచంద్ర గారికి అంతవరకు తెలీదు. అది తెలిశాక ఇంటికి వచ్చి ఆ పూట అన్నంలో పెరుగు బదులు మంచినీళ్ళు పోసుకుని తినేశారని సీతారత్నం చెప్పింది.

రిటైరయ్యాక ఫోనులో హిందీలో ఆ పాఠాలు వినడం మొదలెట్టారు. సీతారత్నం పెట్టిన షరతులు రెండు: దేవుడి గూడు కదపకూడదు, చేపల పులుసు మానకూడదు. రెండింటికీ ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి మరీ వెంటనే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ పాఠం ఒంటరిగా అబ్బదట. ఎదుటివాడికి ఇవ్వడం నేర్చుకోవాలంటే ఎదుట మనిషి ఉండాలి కదా. పదిమంది కలిసి కూర్చుంటేనే అసలు పాఠం మొదలవుతుందని ఫోనులో గురువు చెప్పాడు. ఈయన ఆ మాట పట్టుకున్నారు. పది నీలం ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వరండాలో గుండ్రంగా వేశారు. అప్పట్నించీ ఆయనకి ఈ ప్రపంచంలో ఇంకో కోరిక లేదు, పది కుర్చీలు నిండాలి.

"ఇద్దరమున్న కొంపకి పది కుర్చీలేంటి? ఎవరి తద్దినం?" అంది సీతారత్నం.

ఆ తర్వాత ఆయన చేసిన పనే కొంప ముంచింది. కబ్బాలాలో దేవుడి వెలుగు కిందికి దిగే మెట్లు పది అట. వాటిని పది గుండ్రాలుగా గీసి, మధ్యలో గీతలు కలుపుతారు. ఆ బొమ్మ చెక్క మీద వేయించి వరండా గోడకి తగిలించాలనుకున్నారు. జెట్టీలో పాత స్నేహితుడు ఓడకి వెయ్యగా మిగిలిన రంగులు ఇచ్చాడు. ఉన్నవి రెండే రంగులు. చెక్కంతా సముద్రం రంగు నీలం పూసి, దానిమీద పది గుండ్రాలు ఆకుపచ్చ రంగుతో వేశారు. గీతలు తెల్లగా సుద్దతో గీశారు. పేర్లు తెలుగులో రాశారు.

నీలం మీద పచ్చటి చుక్కలు, చుక్క నుంచి చుక్కకి తెల్ల గీతలు. ఇంకో ఊళ్ళో అయితే ఎవరో ముగ్గు అనుకుందురు. ఈ ద్వీపాల్లో పుట్టినవాడికి అది చూడగానే ఏమనిపిస్తుందో మీరే చెప్పండి.

మొదట్లో ఎవరూ రాలేదు. సాయంకాలం పూట ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక కుర్చీలో కూర్చునేవారు. వీధికుక్క ఒకటి ఎదుటి కుర్చీ కింద శ్రద్ధగా పడుకునేది. తర్వాత ఒకరోజు ఆటో నడిపే ఉమేష్ ఆగాడు. ఉమేష్ తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు, బడి చదువంతా హిందీ. ఆ చెక్క వంక చాలాసేపు చూసి, "సార్, అన్నిటికంటే పైనున్నది... అక్కడిదాకా డైరెక్టా?" అన్నాడు.

"డైరెక్ట్ ఉండదు బాబూ. ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్ళాలి."

"కబ్ షురూ సార్?"

"పదిమంది అయితే మొదలెట్టేస్తాను."

ఉమేష్‌కి అర్థమైపోయింది. వాడి షేర్ ఆటో కూడా సీట్లు నిండితేనే కదులుతుంది. అది బోటు దార్ల పటం. పైన ఉన్నది ఉత్తరం, ఉత్తరాన కొసకి ఉన్నది డిగ్లీపూర్. జెట్టీలో బతుకంతా గడిపిన మనిషి రిటైరై ఊరికే కూర్చుంటాడా? కొత్త బోటు వేయిస్తున్నాడు! వాడి అత్తవారు డిగ్లీపూర్. తెల్లారకుండా బస్సెక్కి, అడవి రోడ్డు మీదికి బళ్ళని గుంపుగా వదిలే కాన్వాయ్ కోసం జిర్కాటాంగ్ గేటు దగ్గర కాచుకుని, ఒళ్ళు హూనం చేసుకుని అక్కడికి చేరడం ఎవరికి సరదా? వాడు వెంటనే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి ఆయన కుర్చీతో కలిపి తొమ్మిది నిండాయి. చేపలమ్మే అప్పలకొండమ్మ కూతుర్ని డిగ్లీపూర్ ఇచ్చింది, బస్సెక్కితే చాలు ఆవిడకి దారంతా వాంతులే. మిగతావాళ్ళకీ ఎవరి అవసరం వాళ్ళది. బోటు అనే మాట మాత్రం ఎవరూ నోటంట అనలేదు. మా దగ్గర ఇదొక నీతి. నోటీసు పడకముందే సీటు సంగతి పైకి అంటే, ఆ సీటు మనది కాకుండా పోతుంది. అందుకని అందరూ చాటుగా, చుట్టూ తిప్పి అడిగేవారు. పూర్ణచంద్ర గారేమో అడిగినదానికి అడిగినట్టు కబ్బాలా చెప్పేవారు. గోడ ఇవతల నా నీళ్ళ గొట్టం ఒకే మొక్క మీద పడి అది కుళ్ళిపోయింది.

"సార్, పూర్వం నలభై దాటినవాళ్ళకే అవకాశం ఇచ్చేవారని మొన్న అన్నారు. నాకింకా ముప్పై కూడా లేవు. పర్లేదా?" అన్నాడు ఉమేష్.

"ఆ నియమం ఎప్పుడో ఎత్తేశారు. తపన ఉంటే చాలు."

"తపన బహుత్ హై సార్. మా అత్తని అడగండి."

అప్పలకొండమ్మ ముందుకి వంగింది. "మద్దెలో దిగిపోడం ఉంటాదా బావూ? నాకు కడుపులో తిప్పిందనుకో?"

"అందరూ దిగుతారమ్మా. ఎక్కినవాళ్ళకి పడిపోవడం తప్పదు. పడ్డచోటి నుంచి మళ్ళీ ఎక్కడమే విద్య."

"మళ్ళీ ఎక్కితే అదే టికెట్టు..." అనబోయింది. ఉమేష్ ఆవిడ మోచెయ్యి గిల్లాడు. "టికెట్టు కాదు, అదే... బట్టలు. అవే బట్టలతో ఎక్కొచ్చా అని!"

"ఆశలు చంపుకోవాలా సార్?" అని ఇంకొకరు.

"ఎందుకు చంపుకోవాలి? ఎక్కడికో వెళ్ళాలన్న ఆశ లేనివాడు జెట్టీకి ఎందుకొస్తాడు? ఆశ పెద్దది చేసుకోండి. నా ఒక్కడికే అనుకున్నది పదిమందికీ అని మార్చుకోండి. కష్టమంతా ఆ మార్చుకోవడంలోనే ఉంది."

"ఎదిగామని ఎలా తెలుస్తాది బావూ?"

"నీకు దొరికినప్పటికంటే పక్కవాడికి దొరికినప్పుడు ఎక్కువ సంతోషమేస్తే ఎదిగినట్టు."

అప్పలకొండమ్మ ముఖం మాడ్చుకుంది. "మార్కెట్లో నా పక్క గవరమ్మ కూకుంటాది. దాని బుట్టలో వంజరం ముందు అమ్ముడైపోతే నాకు సంతోసమా? నువ్వు ఎన్ని బోట్... ఎన్ని మాటలు సెప్పినా అది నా వల్ల కాదు!"

"ఇవాళ కాదు. రేపు వచ్చి అడుగు" అన్నారాయన హాయిగా.

రోజూ పాఠం అయ్యాక ఇంటిపని కూడా ఇచ్చేవారు. పక్క కుర్చీలో ఉన్నవాడికి ఏం కావాలో ఒక్కటి కనుక్కుని, మరునాడు చెప్పాలి. సీటు దక్కాలంటే ఇది షరతు కాబోలని అందరూ బుద్ధిగా చేశారు. ఉమేష్ అప్పలకొండమ్మకి ఏం కావాలో కనుక్కున్నాడు: కత్తి సాన పట్టేవాడు. అప్పలకొండమ్మ ఉమేష్‌కి ఏం కావాలో కనుక్కుంది: అత్త దగ్గర కాస్త మర్యాద. "అది నేను ఇవ్వలేను గాని, ఎల్లేటప్పుడు ఆవిడికి మంచి పీతలు అట్టుకెళ్ళు, తనే ఇస్తాది" అంది.

తొమ్మిది కుర్చీలు నిండిన దగ్గర్నించీ పూర్ణచంద్ర గారు నడవడం లేదు, తేలుతున్నారు. ఇంకొక్కరు! "ఆ పదోవాడు వస్తే మొదటి మెట్టు ఎక్కుతాం" అని వాళ్ళతో అన్నప్పుడల్లా అందరూ చేతులు నలుపుకునేవారు. గోడ మీదుగా నన్ను కూడా పిలిచారు. "మీరొస్తే సరిపోతుంది అక్కగారూ." నాకు కూర్చుని వినడం చేతకాదు, నిలబడి వింటానన్నాను. సీతారత్నాన్ని పిలిస్తే, "నేను కూర్చుంటే పకోడీలు ఎవరు వేస్తారు, మీ పది మెట్లా?" అంది.

పదోవాడు శుక్రవారం సాయంకాలం వచ్చాడు. ఫణికుమార్ అని తెలుగు మాస్టారు, ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చాడు. భార్యకి డిగ్లీపూర్ బడిలో ఉద్యోగం పడింది, ఈయనకి ఇక్కడ. ఉమేష్ ఆటోలోనే విషయం తెలుసుకుని వచ్చాడు. పదో కుర్చీలో కూర్చున్నాడు. పూర్ణచంద్ర గారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, కళ్ళు తుడుచుకున్నారు. సీతారత్నం కూడా గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

కొత్తవాడికి మా నీతులేం తెలుసు? ఆపైన, మిగతావాళ్ళలా కాక తెలుగు చదవగలడు. ఆయన చెక్క వైపు కళ్ళద్దాలు సవరించుకుని పైనుంచి కిందికి గట్టిగా చదివాడు. "కేతర్... హోఖ్మా... బీనా... ఆఖర్న మల్ఖూత్. ఏమండీ, ఇందులో డిగ్లీపూర్ ఏది? అసలు ఈ బోటు డిగ్లీపూర్ వెళ్తుందా?"

తొమ్మిది తలలు ఒక్కసారి మాస్టారి వైపు తిరిగాయి. నా చేతిలో గొట్టం ఆగిపోయింది.

పూర్ణచంద్ర గారు చెక్క వైపు తిరిగారు. "లేదండీ" అన్నారు. "బోటు లేదు."

ఇన్నేళ్ళ పక్కింటి సావాసంలో ఆయన నోట 'లేదు' అనే మాట విన్నది అదే మొదటిసారి.

"ఓలమ్మో!" అని అప్పలకొండమ్మ గుండెలు బాదుకుంది. "పది దినాల బట్టి గవరమ్మ మంచి కోరతా కూకున్నానే! ఉత్తి పుణ్యానికా?"

"సార్, మై తో అత్తకి ఫోన్ కూడా చేసేశాను!" అని ఉమేష్ లేచాడు. "బోటు మీద వస్తున్నానని చెప్పాను. అబ్ క్యా బోలూఁ, ఆత్మ మీద వస్తున్నానని చెప్పనా?"

"మీరే కదా సీటు నిండితే కదులుతుందన్నారు!" అని ఇంకొకరు. "మెట్టు అన్నాను, సీటు అనలేదండీ" అన్నారాయన. వినేదెవరు? కుర్చీలు ఒక్కొక్కటీ వెనక్కి జరిగాయి. సీతారత్నం తెచ్చిన పకోడీలు ఒక్కరూ ముట్టలేదు. ఉమేష్ ఒక్కడు గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, కోపంగానే రెండు తీసుకుని పోయాడు. ఇదిగో, ఆ సాయంకాలమే మోసం అనే మాట పుట్టింది.

మరునాడు పూర్ణచంద్ర గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పది కుర్చీలూ తుడిచి, మళ్ళీ గుండ్రంగా వేసి కూర్చున్నారు. కుక్క వచ్చింది. ఆ మర్నాడూ అంతే. "ఎత్తేయండి ఆ కుర్చీలు, నవ్వుతున్నారు" అని సీతారత్నం అంటే "పరిశీలిస్తాం" అన్నారు గానీ గొంతులో పస లేదు. బెండకాయా వంకాయా అని ఆవిడ కావాలని పూటకి రెండుసార్లు అడిగింది. "మీ ఇష్టం" అన్నారట. సీతారత్నం హడలిపోయి గోడ దగ్గరకొచ్చింది. "వదినా, ఈయన నాకు మీ ఇష్టం అంటున్నారు. డాక్టర్ని పిలవనా?" అంది.

డాక్టర్ని పిలవాల్సిన పని పడలేదు. ఓ సాయంకాలం గేటు కిర్రుమంది. అప్పలకొండమ్మ. ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని, కోపం ఇంకా పూర్తిగా దిగని మొహంతో వచ్చి తన కుర్చీలోనే కూర్చుంది.

"నాను బోటు కోసం రాలేదు, ముందే సెప్తన్నాను. ఒక్క ముక్క అడిగి పోతాను. ఇయాళ నా దగ్గర వంజరం అయిపోనాది. ఎవరో ఆవిడ వచ్చి అడిగితే, నా నోరు నా మాట వినకుండా గవరమ్మ బుట్ట సూపించేసినాది. అది అమ్ముకుంది. నాకు సంతోసం కలగలేదు బావూ. కలగలేదు. కానీ రోజూ వచ్చే కడుపుమంట రాలేదు. అది లెక్కలోకి వస్తాదా రాదా?"

పూర్ణచంద్ర గారు నిటారుగా కూర్చున్నారు. "వస్తుందమ్మా. మంట రాకపోవడం మొదటిది. సంతోషం తర్వాతది."

"తర్వాతది ఎప్పుడొస్తాది?"

"పొద్దున్నే వచ్చి... కాదు, సాయంకాలం వచ్చి అడుగు."

ఆ తర్వాత ఉమేష్. ఆటో ఇంజను ఆపకుండానే గేటు దగ్గర నుంచి అరిచాడు. "సార్, నడవలేని ముసలావిడని ఊరికే ఆసుపత్రికి దింపాను. ఆ సంగతి పొద్దుటి నుంచి ఎక్కినవాళ్ళందరికీ చెబుతున్నాను. అందరికీ చెప్పేస్తే కేన్సిలా?"

"లోపలికి వచ్చి అడుగు. పెట్రోలు దండగ."

ఇంజను ఆగింది. వాడి వెనకే మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే తేలారు. బోటు కోసం కాదని ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటూ, ఏదో ఒక సందేహం చేతిలో పెట్టుకుని వచ్చారు. ఒకాయనకి ఎర్రదారం కట్టుకుంటే పెళ్ళాం దిష్టి తగలకుండా ఉంటుందా అని. ఇంకొకావిడకి అత్తగారికి ఇచ్చేస్తే కూడా పుణ్యమేనా, లేక బయటివాళ్ళకే ఇవ్వాలా అని. తొమ్మిది కుర్చీలూ మళ్ళీ నిండాయి. ఫణికుమార్ మాస్టారు మాత్రం రాలేదు. ఆయన సెలవు పెట్టి బస్సెక్కి డిగ్లీపూర్ వెళ్ళిపోయారు. ఆయనకి పది మెట్లకంటే పెళ్ళాం ముఖ్యం, అందులో తప్పేముంది?

అలా మళ్ళీ ఒక్క కుర్చీ దగ్గర ఆగింది కథ. పూర్ణచంద్ర గారు ప్రతి సాయంకాలం ఆ ఖాళీ కుర్చీ వంక చూడటం, గేటు వంక చూడటం.

ఇంత జరిగినా ఊళ్ళో మోసం అనే మాట ఆగలేదు. నేను పదిమందితో వాదించాను. పాపం ఆయనకేం తెలుసు, బొమ్మ వేసుకున్నాడు, వాళ్ళే బోటనుకున్నారు, అమాయకుడు అని. కానీ వాదించే కొద్దీ నా లోపల ఒక పురుగు తొలవడం మొదలెట్టింది. బతుకంతా జెట్టీలో ఉన్న మనిషి. నీలం మీద పచ్చచుక్కలు చూసి జనం ఏమనుకుంటారో ఆయనకి తెలీదా? టికెట్టు అని నాలిక కరుచుకున్న అప్పలకొండమ్మ మాట ఆయనకి వినపడలేదా? గోడ ఇవతల ఉన్న నాకు వినపడింది కదా?

నిన్న సాయంకాలం గొట్టం కట్టేసి, గోడ చుట్టూ తిరిగి, గేటు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. తొమ్మిదిమందీ నా వైపు తిరిగారు. పకోడీల పళ్ళెంతో సీతారత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పూర్ణచంద్ర గారూ, ఒక్కటే అడుగుతాను, చుట్టూ తిప్పకుండా చెప్పండి. వీళ్ళంతా బోటు కోసం వస్తున్నారని మీకు ముందే తెలుసా, తెలీదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుకి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కిటికీ వెనక కూర్చున్నట్టే ముందుకి వంగారు.

"తెలుసు అక్కగారూ. ఉమేష్ కుర్చీ లాగిన రోజునే తెలుసు. కానీ బోటు ఉందా అని వీళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడిగిన మొదటాయనకి లేదని చెప్పేశాను. నా కిటికీకి వచ్చినవాళ్ళలో నాకోసం వచ్చినవాడు ఎప్పుడైనా ఉన్నాడా? అందరూ బోటు కోసమేగా! జనం నిలబడి అడుగుతుండగా షట్టర్ దించడం నాకు చేతకాదు. సరే, మీరూ అడిగేశారు కదా, ఇంకా నిలబడతారేం? కూర్చోండి, ఆ కుర్చీ మీదే."